వెనక సీటు

మా పూతలపట్టు కూడలిలో నిలబడి, ఈ రోడ్డు ఎక్కడికి పోతుందని ఎవరినైనా అడగండి. "ఇట్లా పోతే చిత్తూరు, అట్లా పోతే పీలేరు, అదో ఆ మలుపు తిరిగితే తిరుపతి" అని చెప్పి ఊరుకుంటారు. అంతకు మించిన దూరం చెప్పవలసిన అవసరం మాకెప్పుడూ రాలేదు. వెంకటేశ్వరస్వామి దగ్గరికి పోయేవాళ్లు, కాణిపాకం వినాయకుడి దగ్గరికి పోయేవాళ్లు మా ఊరి మీదుగా పోతూనే ఉంటారు. మేము మాత్రం ఉన్నచోటనే ఉంటాము.

2024 వేసవిలో, తోతాపురి కాయలతో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల వైపు బారులు తీరి పోతున్న రోజుల్లో, మా ఆవిడ వసారాలో కూర్చుని ఆ రోడ్డుకేసి చూస్తూ అన్నది:

"ఏమండీ, పీలేరు తర్వాత ఏమిటి?"

"రాయచోటి, కడప, నంద్యాల, కర్నూలు" అన్నాను, పాఠం అప్పజెప్పినట్లు.

"కర్నూలు తర్వాత?"

"అక్కడికి మన 40వ నంబరు రోడ్డు అయిపోతుంది. పోయి 44లో కలుస్తుంది. అది కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా పోయే రోడ్డు."

"అయితే మన ఇంటి ముందు రోడ్డెక్కి పోతూ ఉంటే హిమాలయాలు వస్తాయన్నమాట!"

అందులో తప్పేమీ లేదు. ముప్ఫై యేళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇంత చిన్న లెక్క నాకెప్పుడూ తట్టకపోవడమే విచిత్రం.

ఇక్కడ మా బండి సంగతి కొంత చెప్పాలి. 1955లో మద్రాసులో బుల్లెట్ మోటారు సైకిళ్ల తయారీ మొదలైంది. మద్రాసు మాకు దగ్గరే గనుక మా చిన్నతనంలో ఆ బండ్లు అప్పుడప్పుడూ మా రోడ్డు మీద కనిపించేవి. కనిపించడానికి ముందే వినిపించేవి. ఆ "డుగు డుగు" వినగానే పలకలు పారేసి బడి గోడ ఎక్కేవాళ్లం. ఎక్కినందుకు దెబ్బలు తినేవాళ్లం. ఆ దెబ్బలకు ప్రతిఫలంగా, 2023లో ఉద్యోగ విరమణ చేయగానే వచ్చిన సొమ్ములో కొంత తీసి, 350 సీసీ బుల్లెట్ కొన్నాను. మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోను చేసి, "నాన్నా, ఈ వయసులో అందరూ వాలుకుర్చీ కొనుక్కుంటారు" అన్నాడు.

నేను బుల్లెట్ కొనడం వింత కాదు. మా ఆవిడ దాన్ని నేర్చుకోవడం వింత. మామిడితోటలో బండిబాట మీద సాయంత్రంపూట నేనే నేర్పాను. రెండుసార్లు పడింది. మూడోసారి పడింది నేను, వెనక కూర్చుని. తర్వాత చిత్తూరు వెళ్లి పరీక్ష ఇచ్చి లైసెన్సు కూడా తెచ్చుకుంది. అందుకనే ప్రయాణం మాట రాగానే ఒక్కటే షరతు పెట్టింది: "సగం దూరం నేను నడుపుతాను."

"సరే" అన్నాను. ఆ "సరే" ఎటువంటిదో మగవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

శ్రీనగర్ కాదు, మనాలి మీదుగా లేహ్ పోదామన్నది మాత్రం నేనే. ఆ దారిలో పదహారు వేల అడుగుల ఎత్తున కనుమ ఉంది. బుల్లెట్ ఉన్న కుర్రవాళ్లందరూ దాని పైన నిలబడి ఫోటో తీయించుకుంటారు. అరవై దాటినవాడి ఫోటో కూడా అక్కడ ఒకటి ఉండాలని నాకు పట్టుకుంది.

రెండు నెలలు సన్నాహాలు చేశాము. మడిచే గుడారం, లోపల దూరి పడుకునే దూదిసంచులు రెండు, చిన్న గ్యాసు పొయ్యి. బొరుగులు, పప్పుల పొడి, రాగిపిండి, చింతకాయ ఊరగాయ. వీటన్నిటిమీద మా ఆవిడ ఒక చిన్న కుక్కరు కూడా కట్టింది. "కొండల్లోకి కుక్కరెందుకు? గిన్నె చాలదా?" అని నేను రెండురోజులు వాదించాను. ఆమె వాదించలేదు, కుక్కరు మాత్రం దింపలేదు.

చిత్తూరులో డాక్టరు దగ్గరికి ఇద్దరమూ వెళ్లాము. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుందనీ, పదహారు వేల అడుగుల దగ్గర ఒక్కొక్క ఊపిరిలో మనకు అందే ప్రాణవాయువు ఇక్కడి దానిలో సగం కంటే కొంచెమే ఎక్కువనీ చెప్పాడు. శరీరం దానికి అలవాటు పడాలంటే రోజులు కావాలి. మూడు వేల మీటర్లు దాటిన తర్వాత, ఈ రాత్రి పడుకునే చోటు నిన్న రాత్రి పడుకున్న చోటుకంటే ఐదువందల మీటర్లకు మించి ఎత్తుండకూడదు. తలనొప్పి, వాంతి మొదటి గుర్తులు. నడక తూలితే మాత్రం మెదడుకు వాపు వస్తున్నదన్నమాట. అప్పుడు మాత్రలు, ధైర్యం పనికిరావు, వెంటనే కిందికి దిగాలి. నేను తల ఊపుతూ విన్నాను. మా ఆవిడ నోటుపుస్తకంలో రాసుకుంది.

మాకు తెలిసిన ఎత్తులు రెండే. తిరుమల కొండ ఎనిమిదివందల యాభై మీటర్లు. హార్స్‌లీ కొండ 1,265 మీటర్లు. అక్కడ మాకెప్పుడూ తల నొప్పి పెట్టలేదు.

సెప్టెంబరు మొదటివారంలో, తెల్లవారుజామున బయలుదేరాము. టీ అంగడి దగ్గర నలుగురు నిలబడి, "అయివారూ, కాశీకి పోయినా పుణ్యమన్నా వచ్చును" అన్నారు.

కర్నూలు దాకా మన సీమే. గువ్వలచెరువు కనుమ దగ్గర మా ఆవిడ వెనకనుంచి భుజం తట్టింది. "ఘాటు రోడ్డు, ఇప్పుడు కాదు" అన్నాను. హైదరాబాదు దగ్గర తట్టింది. "ఈ రద్దీలోనా?" అన్నాను. నాగపూరు దగ్గర ఎండ అన్నాను. నాగపూరు దాటాక పెంచ్ అడవిలో, కింద జంతువులు అటూ ఇటూ పోవడానికి వీలుగా రోడ్డునే పైకెత్తి కట్టారు. మహారాష్ట్ర భాగంలోనే అటువంటి దారులు తొమ్మిది ఉన్నాయి. "పులికి కూడా దారి ఇచ్చారు చూడండి" అన్నది మా ఆవిడ. ఆ మాట అడవి గురించి కాదని నాకు తెలుసు. అయినా బండి ఇవ్వలేదు.

గ్వాలియరులో వాన పట్టుకుని ఒక రోజు కదలనివ్వలేదు. చంబల్ లోయల్లో ఎర్రమట్టి గుట్టలు దాటి, ఆగ్రా, ఢిల్లీ దాటి, తొమ్మిదోనాటికి మనాలి చేరాము. దాదాపు 2,700 కిలోమీటర్లు. ఆమె నడిపింది సున్నా.

మనాలి అవతల పూర్వం రోహ్తాంగ్ కనుమ ఎక్కి దిగవలసి వచ్చేది. 2020 అక్టోబరులో దాని కింద అటల్ సొరంగం తెరిచారు. పొడవు తొమ్మిది కిలోమీటర్లు. ఇవతల దేవదారు చెట్లు, మబ్బులు, తడి. పావుగంటలో అవతల తేలేసరికి చెట్లు లేవు, మబ్బు లేదు. రాతికొండలు, వాటి మీద మంచు, కింద పచ్చని బఠాణీ పొలాలు. అది లాహుల్ లోయ.

కొంత దూరం పోగా తాండి అనే చోట రెండు నదులు కలుస్తాయి. ఒకటి చంద్ర, రెండోది భాగ. కలిసిన తర్వాత చంద్రభాగ. ఇంకా కిందికి పోతే అదే చీనాబు. అక్కడివాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. చంద్ర చంద్రుడి కూతురట, భాగ సూర్యుడి కొడుకట. ఇద్దరూ ప్రేమించుకుని, బారాలాచా కనుమ దగ్గర విడిపోయి, చెరొక వైపునుంచీ పర్వతాన్ని చుట్టి వచ్చి, తాండి దగ్గర కలుసుకుని పెళ్లి చేసుకున్నారట. చంద్ర దూరం తిరిగి కూడా ముందే వచ్చిందనీ, భాగుడు ఇరుకు కొండల్లో చిక్కుకుని ఆలస్యంగా వచ్చాడనీ చెబుతారు. మా ఆవిడకు ఈ కథ చాలా నచ్చింది. నేను పెట్రోలు బంకు చూసుకుంటున్నాను. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల అవతల అని చెప్పే బోర్డు అక్కడ ప్రసిద్ధం. డబ్బాల్లో పది లీటర్లు పట్టించుకున్నాము.

ఆ సాయంత్రం జిస్పా చేరి, భాగ ఒడ్డున గుడారం వేశాము. ఎత్తు 3,200 మీటర్లు. అక్కడ నీళ్లు తొంభై డిగ్రీలు కూడా కాకముందే మరిగిపోతాయి. గిన్నెలో బియ్యం ఎంతసేపు ఉడికించినా పలుకు విరగదు. మా పక్క గుడారంలోని కుర్రవాళ్లు పలుకుల అన్నం నములుతుంటే, మా కుక్కరు మూడు కూతలు కూసింది. వేడి అన్నం, పప్పుల పొడి, ఊరగాయ. ఆ కుర్రవాళ్లకు కూడా పెట్టాము. కుక్కరు విషయం మా ఆవిడ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

భోజనం నేను సగమే తిన్నాను. అప్పటికే తల వెనక సుత్తితో కొడుతున్నట్లుగా ఉంది.

"తల నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"లేదే! అలసట" అన్నాను.

ముప్ఫై రెండేళ్ల కాపురంలో నేను చాలా అబద్ధాలు చెప్పాను. చీర బాగుందనీ, పులుసు బాగుందనీ. వాటి వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. ఇది అటువంటిది కాదు. అసలు జిస్పాలో రెండు రాత్రులు ఉండాలని అనుకున్నాము. గ్వాలియరులో పోయిన రోజు కూడదీసుకోవడానికి ఒక రాత్రి కొట్టివేసింది నేనే. మరునాటి రాత్రి సర్చూలో పడుకోవాలని పథకం; అది 4,300 మీటర్ల దగ్గర ఉంది. ఐదువందలు ఎక్కవలసినచోట పదకొండువందలు! లెక్కల అయివారి లెక్క ఇది. మాత్ర వేసుకుంటున్నాను గదా అని ధైర్యం.

పొద్దున్నే బయలుదేరాము. దార్చా దాటిన తర్వాత మనిషి జాడ తగ్గిపోయింది. జింగ్‌జింగ్‌బార్ దగ్గర మంచు కరిగిన నీళ్ల వాగు ఒకటి రోడ్డుకు అడ్డంగా పారుతున్నది. పొద్దున గనుక చీలమండల లోతే. మా ఆవిడ దిగి రాళ్ల మీదుగా దాటింది. నేను బండి దాటించాను. మలుపులెక్కుతూ ఎక్కుతూ సూరజ్ తాల్ అనే సరస్సు దగ్గరికి వచ్చాము. భాగ పుట్టే చోటు అదే. నీలం మందు కలిపినట్లున్న నీళ్లు, చుట్టూ తెల్లని కొండలు. కనుమ అక్కడికి మూడు నాలుగు కిలోమీటర్లే. ఇప్పటి బండ్లలో గాలిని బట్టి పెట్రోలు కొలిచి పంపే ఏర్పాటుంది గనుక, బలం తగ్గినా బండి సర్దుకుంది. నేను సర్దుకోలేదు. బండి ఆపి దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను.

మా ఆవిడ నీళ్లిచ్చింది. తర్వాత బూటు కొనతో మట్టిలో బారెడు గీత గీసింది.

"ఈ గీత మీద నడవండి. మడమకు వేలు ఆనించి, ఒక్కొక్క అడుగే."

"ఇదేమి పరీక్ష? పిల్లకాయల్లాగా!"

"నడవండి."

ముప్ఫై యేళ్లు నల్లబల్ల మీద తిన్నని గీతలు గీసిన మనిషిని. నాలుగో అడుగుకు పక్కకు తూలాను. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మూడో అడుగుకే తూలాను.

"కిందికి పోదాము" అన్నది.

"మూడు కిలోమీటర్లే గదా! పైన ఒక్క నిమిషం నిలబడి..."

"నేను బండి ఎక్కను. మీరు పోతే ఒక్కరే పొండి."

"అంత బాగా లేకపోతే ఇంతదూరం ఎట్లా నడిపాను?"

"నిన్న తాండి నుంచి గేరు తప్పు వేస్తున్నారు. పొద్దున్నుంచి మూడుసార్లు మలుపులో అంచుదాకా పోయినారు. వెనక కూర్చున్న మనిషికి తెలియదనుకున్నారా?"

నాకు కోపం వచ్చింది. ఆ కోపం కూడా జబ్బులో భాగమేనని తర్వాత తెలిసింది. ఏమి అన్నానో సరిగా జ్ఞాపకం లేదు. మా ఆవిడకు జ్ఞాపకముంది గాని చెప్పడం లేదు.

అంతలో లేహ్ వైపునుంచి ఒక లారీ దిగి వచ్చింది. మా ఆవిడ రోడ్డు మధ్య నిలబడి చేతులు చాచి ఆపింది. ఒక సర్దార్జీ దిగాడు. నన్ను ఒక్కసారి చూచి, "నీచే, నీచే! జల్దీ నీచే!" అన్నాడు. హిందీలో ఆ మాటకు "కిందికి" అని అర్థం. నేను పిల్లలకు రెండేళ్లు హిందీ కూడా చెప్పినవాణ్ణి. అయినా ఆ క్షణాన ఆయన నన్ను నీచుడని తిడుతున్నాడనే అనుకున్నాను. అంత తప్పు కూడా కాదేమో!

సంచులు, గుడారం, పెట్రోలు డబ్బాలు అన్నీ తీసి లారీలో పడేశారు. నన్ను ముందు కూర్చోబెట్టారు. మా ఆవిడ బుల్లెట్ ఎక్కింది. తోటలో బాట తప్ప, చిత్తూరులో పరీక్ష మైదానం తప్ప, ఆమె ఎన్నడూ దాని మీద దూరం పోలేదు. మొదటి ప్రయాణం పదహారు వేల అడుగుల మీద. దానికి కారణం ఎవరు? గువ్వలచెరువు దగ్గర, హైదరాబాదు దగ్గర, నాగపూరు దగ్గర హ్యాండిలు వదలని మనిషి.

లారీ కదిలింది. పక్క అద్దంలో చూస్తూ కూర్చున్నాను. దుమ్ములో ఒక చిన్న దీపం. మలుపు తిరిగినప్పుడల్లా పోయేది. మళ్లీ వచ్చేది. వచ్చేదాకా నేను ఊపిరి పీల్చుకునేవాణ్ణి కాను. అసలే ఊపిరి తక్కువ చోటు.

మధ్యాహ్నం దాటిన తర్వాత వాగు దగ్గరికి వచ్చాము. పొద్దున చీలమండల లోతున్న వాగు, ఎండకు మంచు కరిగి, మోకాటికి కొంచెం కిందిదాకా లేచింది. అక్కడి వాగులన్నిటి స్వభావమూ అంతే. పొద్దున సాధువులు, మధ్యాహ్నం రాక్షసులు. లారీ దాటి ఆవలి గట్టున ఆగింది. నేను తలుపు తీయబోయాను. సర్దార్జీ భుజం పట్టి కూర్చోబెట్టాడు.

మా ఆవిడ నీళ్లకు ఇవతలే ఆగింది. తొందరపడలేదు. లారీ చక్రాలు ఎక్కడ పోయినవో చూసుకుంది. అక్కడ రాళ్లు అదిమి ఉంటాయి. మొదటి గేరు వేసి దిగింది. తోటలో నేను చెప్పిన మాటలే నేను ఇప్పుడు లోలోపల జపిస్తున్నాను. నీళ్లలో గేరు మార్చగూడదు. కాలు దింపగూడదు. నీళ్ల వంక చూడగూడదు, ఆవలి గట్టు చూడాలి. శబ్దం తగ్గనివ్వగూడదు.

సగం నీళ్లలో ముందు చక్రం ఏదో రాయికి తగిలి పక్కకు జరిగింది. "డుగు డుగు" ఒక్కసారి లోతుకు పోయింది. ఆమె కాలు దించలేదు. తల ఎత్తి ఆవలి గట్టునే చూసింది. ఆవలి గట్టున ఉన్నది నేను. శబ్దం మళ్లీ లేచింది. నీళ్లు చిమ్ముకుంటూ బండి పైకి వచ్చింది. చిన్నప్పుడు బడి గోడ ఎక్కి విన్న శబ్దమే అది. ఇంతబాగా ఎప్పుడూ వినిపించలేదు.

సర్దార్జీ స్టీరింగు మీద అరచేత్తో చరిచి, "వాహ్, మాతాజీ!" అన్నాడు.

కేలాంగ్ ఆస్పత్రిలో ప్రాణవాయువు పెట్టారు, సూది వేశారు. అక్కడి డాక్టరు గీత కథంతా విని, నన్ను వదిలేసి మా ఆవిడతో మాట్లాడాడు. "మందులకంటే మీరు దింపడమే ఎక్కువ పని చేసింది. సర్చూలో రాత్రి పడుకుని ఉంటే, తిరిగి రావాలన్నా ఆ కనుమే ఎక్కవలసి వచ్చేది" అన్నాడు. రెండు రోజులకు తల తేలికపడింది. ఈసారికి ఇక పైకి పోవద్దన్నాడు. నేను వాదించలేదు.

మూడోనాడు తాండిలో నదులు కలిసేచోట దిగి, నీళ్ల దగ్గర కూర్చున్నాము. ఆ జిస్పా రాత్రి తలనొప్పి ఉన్నమాట అక్కడ ఒప్పుకున్నాను. "తెలుసు" అన్నది. తెలిసీ ఎందుకు ఊరుకున్నావన్నాను. "నేనూ తప్పు చేశాను. ఆ రాత్రే గీత గీసి ఉండవలసింది" అన్నది. ఆ మాట నాకు ఏ తిట్టుకంటేను గట్టిగా తగిలింది. కాసేపటికి ఆమే చెప్పింది: "చంద్ర ముందు వచ్చి కనిపెట్టుకుని ఉన్నదట. ఆయన వచ్చేదాకా పాపం ఎంత బెంగపడిందో, ఆ కథలో ఎవరూ చెప్పరు."

తిరుగు ప్రయాణంలో సొరంగం ఆమె నడిపింది. తర్వాత చెరొక వంద కిలోమీటర్లు. వెనక కూర్చుంటే తెలిసింది, అక్కడినుంచి దేశం ఎంత కనిపిస్తుందో. ముందున్నవాడికి గుంటలు కనిపిస్తాయి. వెనకున్నవాళ్లకు పొలాలు, పిల్లలు, గుడిగోపురాలు, ముందున్న మనిషి మెడ బిగుసుకోవడం, వదులు కావడం. 2,700 కిలోమీటర్లు ఆమె ఇవన్నీ చూస్తూ వచ్చింది. నేను ఒక్కసారైనా "ఏమి చూశావు?" అని అడగలేదు.

పీలేరు దగ్గర మా ఆవిడ వంతు వచ్చింది. అందువల్ల పూతలపట్టు కూడలిలో ఆమె ముందూ, నేను వెనకా దిగాము. టీ అంగడి దగ్గర ఆ నలుగురూ ఉన్నారు.

"అయివారూ, లేహ్ ఎట్లుంది?"

"చూడలేదు. దారిలోనే తిరుగుకున్నాము."

"అయ్యో! అంతదూరం పోయి!"

ఎవరి టీ వాళ్లు తాగుతూ నా వంక జాలిగా చూశారు. నాకేమో, ఆ వాగు సంగతి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తోచలేదు. అందుకే ఇంటికి వచ్చి ఇట్లా రాయవలసి వచ్చింది.

మా ఆవిడ నోటుపుస్తకంలో కొత్త పేజీ ఒకటి ఉంది. "జిస్పాలో రెండు రాత్రులు. కుక్కరు. గీత: ప్రతి ఉదయం, ఇద్దరికీ." అని రాసుకుంది. "ఈసారి దారంతా నువ్వే నడుపు, అది కూడా రాయి" అన్నాను, ఉదారంగా.

"అక్కరలేదు" అన్నది. "సగం దూరం చాలు. మొదట అడిగిందీ అదే గదా."